క్లాసుకు ఎయిర్ ప్యూరిఫయర్ కొనే ముందు టేపు పట్టుకోండి

మా ఎనిమిదో తరగతి గది రోడ్డు పక్కనే. తిరుపతిలో బస్సులు తిరిగే రోడ్డు పక్కన గది అంటే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన బెంచీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. పిల్లలు రాస్తారు కూడా, ఇనిషియల్‌తో సహా. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే దుమ్మూ హారన్లూ. ఈ బాధ చూడలేక పాత విద్యార్థులు కొందరు డబ్బులేసుకుని ఒక ఎయిర్ ప్యూరిఫయర్ కొనిచ్చారు. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బీరువా పక్కన మూలలో పెట్టాం. రెండు నెలలు తిరిగేసరికి దాని మీద పరీక్ష పేపర్ల కట్టలు చేరాయి. ఆన్ చేసేవాళ్లే లేరు.

తప్పు మెషీన్‌ది కాదు, మాదే. అది గదికి సరిపోయేది కాదు. పెట్టిన చోటూ సరైంది కాదు. అన్నిటికంటే సిగ్గుచేటు, లోపల ఫిల్టర్‌కు చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవర్ తీయకుండానే మొదటి నెలంతా నడిపాం. ఆ తర్వాత ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ వచ్చాం. మీ బడికి ఎవరైనా కొనిస్తామన్నా, మీరే కొనాలనుకున్నా, ఈ వరసలో పోతే మా తిప్పలు మీకు ఉండవు.

అది చేయలేని పని ఏమిటో ముందు తెలుసుకోండి

ప్యూరిఫయర్ గాలిని లోపలికి లాగి, ఫిల్టర్ గుండా పంపి, దుమ్మూ పొగా నలుసులూ, దగ్గు తుమ్ముల నుంచి వచ్చే సన్నటి తుంపరలూ పట్టుకుని తిరిగి వదులుతుంది. అంతే. కొత్త గాలి తేదు. పిల్లలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు. బయటి గాలిలో అది ఇప్పుడు 420 పీపీఎం పైచిలుకు ఉంటుంది, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు. నలభై మంది పిల్లలున్న గదిలో తలుపులూ కిటికీలూ గట్టిగా మూసేస్తే ఒక్క పీరియడ్‌లోనే 2000 దాటుతుంది. భోజనం తర్వాత మొదటి పీరియడ్‌లో పిల్లలు జోగుతుంటే అన్నం మత్తు అనుకుంటాం. సగం ఆ గది మత్తే.

కాబట్టి మెషీన్ వచ్చిందని కిటికీలన్నీ బిగించకండి. రోడ్డు వైపువి మూసి, వరండా వైపువీ తలుపూ తెరిచి ఉంచండి. అలా చేస్తే కాస్త దుమ్ము వస్తుంది, రానివ్వండి. మెషీన్ తెచ్చింది దానికోసమేగా. పీరియడ్ మారినప్పుడు అయిదు నిమిషాలు అన్నీ తెరవండి. వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో గాలి కడిగినట్టుంటుంది. అలాంటి రోజుల్లో దుమ్ము కోసమైతే మెషీన్ అవసరమే లేదు. దగ్గులూ జలుబులూ తిరుగుతుంటే మాత్రం ఉండనివ్వండి.

బయట ఎలా ఉందో తెలియాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్ ఉంది. తిరుపతి, చిత్తూరు రెండూ అందులో కనిపిస్తాయి. గాలి నాణ్యత సూచీ 50 లోపు ఉంటే బాగున్నట్టు, 100 దాకా ఫర్వాలేదు, 200 దాటితే బాగాలేనట్టు. అయితే ఆ అంకె ఊరికి సంబంధించినది, మీ గేటు ముందు నిలబడ్డ ఆటోలకు సంబంధించినది కాదు. చిత్తూరు వాళ్లు ఇంకొంచెం పట్టించుకోవాలి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల జాబితాలో మన రాష్ట్రం నుంచి ఉన్న ఊళ్లలో చిత్తూరు ఒకటి. బడి దగ్గర్లో గ్రానైట్ కోసే యూనిట్ గానీ, మట్టి టిప్పర్లు తిరిగే దారి గానీ ఉంటే యాప్ చూసే పనే లేదు, కిటికీ ఊచలు చూస్తే చాలు.

మీరే పుట్టిస్తున్న దుమ్ము సంగతి చూడండి

దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చేయరు. మా బడిలో ఆయమ్మ సరిగ్గా ఫస్ట్ బెల్లుకు పది నిమిషాల ముందు పొడి పొరకతో ఊడ్చేది. పిల్లలు లోపలికొచ్చేసరికి ఆ దుమ్మంతా గాలిలో తేలుతూ ఉండేది. ఇప్పుడు సాయంత్రం బడి వదిలాక ఊడుస్తుంది, పొద్దున తడిబట్టతో తుడుస్తుంది. ‘ఒకే పనికి రెండుసార్లు వంగాల్నా సా’ అని మొదట్లో గొణిగింది. కర్ర మాప్ కొనిచ్చాక సర్దుకుంది.

డస్టర్లను కిటికీ కింద గోడకేసి బాదడం మాన్పించండి. ఆ సుద్దపొడి తిరిగి అదే కిటికీలోంచి వస్తుంది. తడిబట్టతో బోర్డు తుడిస్తే ఇంకా మంచిది. సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీద మందంగా పేరుకున్న దుమ్మును సెలవు రోజున తుడిపించండి. పొద్దున్నే సరస్వతి పటానికి అగరబత్తి వెలిగించే అలవాటుంటే దండం పెట్టుకుని వరండాలో గుచ్చండి. దేవుడి పొగ అయినా ఊపిరితిత్తులకు పొగే. దోమల కాయిల్ సంగతి సరేసరి.

ఇప్పుడు టేపు తీయండి

డబ్బా మీద ‘350 చదరపు అడుగుల గదికి’ అని రాసి ఉంటుంది. దాన్ని నమ్మే మేం మోసపోయాం. ఆ లెక్క ఇళ్లకు వేసింది. ఇంటి గదిలో మనుషులు ముగ్గురో నలుగురో, పైకప్పు తక్కువ ఎత్తు. మన క్లాసులో తలలు నలభై, పైకప్పు పదకొండు అడుగులు.

చూడాల్సింది సీఏడీఆర్ అనే అంకె. ఆ మెషీన్ గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే లెక్క అది. దాన్ని మీ గదితో పోల్చాలి. మా గది లెక్క ఇదీ: పొడవు 24 అడుగులు, వెడల్పు 20, ఎత్తు 11. మూడూ గుణిస్తే 5280 ఘనపు అడుగులు. దాన్ని 35.3తో భాగిస్తే దాదాపు 150 ఘనపు మీటర్లు. ఇంత గాలి గంటకు ఎన్నిసార్లు శుభ్రం కావాలి? అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో చెప్పిన లక్ష్యం, కనీసం అయిదుసార్లు. అంటే 150ని అయిదుతో గుణించి, గంటకు 750 ఘనపు మీటర్లు.

మాకు వచ్చిన మెషీన్ సీఏడీఆర్ 250. అదీ ఫుల్ స్పీడులో. భాగించి చూస్తే గంటకు ఒకటిన్నరసార్ల కంటే కాస్త ఎక్కువ. నెమ్మది స్పీడులో అందులో సగం కూడా రాదు. ఉప్పు లేని పప్పు అన్నమాట, ఉందంటే ఉంది.

ఆ అయిదు లక్ష్యంలో కిటికీల నుంచి వచ్చే గాలి కూడా కలుస్తుంది. వరండా వైపు గాలి బాగా ఆడే గది అయితే మెషీన్ల మీద అంత బరువు పడదు. జలుబులు, ఫ్లూ లాంటివి అంటుకోకుండా ఉండటానికి ఈ కలిపే లెక్క పనికొస్తుంది. రోడ్డు దుమ్ముకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే కిటికీలోంచి వచ్చేదే దుమ్ము. మీ గది బాధ ఏది అన్నది ముందు తేల్చుకోండి.

చివరికి మేం 400 సీఏడీఆర్ ఉన్నవి రెండు పెట్టాం. ఒక పెద్ద మెషీన్ కంటే రెండు మధ్యస్థమైనవి మేలు. గాలి రెండు వైపులా అందుతుంది, ఒకటి రిపేరుకు పోయినా ఇంకోటి ఉంటుంది. పాతదాన్ని స్టాఫ్ రూముకు పంపాం. అక్కడ మనుషులు తక్కువ, సర్దుకుపోయింది.

కొట్లో అడగాల్సినవి

ఫిల్టర్ అసలైన హెపానా అని అడగండి. హెపా అంటే చాలా సన్నటి నలుసుల్ని కూడా పట్టే ఫిల్టర్ రకం. 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నలుసుల్లో 99.97 శాతం పట్టుకోవాలి, లేదా హెచ్13 రకం అని రాసి ఉండాలి. ‘హెపా లాంటిది’ అంటే కాదని అర్థం. అయొనైజర్, ప్లాస్మా, ఓజోన్ లాంటి అదనపు హంగులకు డబ్బు పెట్టకండి. ఇలాంటివి ఓజోన్ అనే వాయువును వదలొచ్చు, అది పిల్లల ఊపిరితిత్తులకు మంట పుట్టిస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. కొన్న మెషీన్‌లో అయొనైజర్ బటన్ ఉంటే ఆఫ్ చేసి పెట్టండి. సువాసన గొట్టాలు ఉన్నవైతే అసలే వద్దు.

కరెంటు పోయి వస్తే దానంతట అదే మళ్లీ ఆన్ అవుతుందా? ఇది ఎవరూ అడగరు. టచ్ బటన్లున్న చాలా మెషీన్లు కరెంటు వచ్చాక కూడా పడుకునే ఉంటాయి. పాఠం మధ్యలో లేచి దాన్ని నొక్కే ఓపిక ఏ టీచరుకూ ఉండదు. మాకైతే లేదు.

ఇంకోటి, కొత్త ఫిల్టర్ ధర ఎంత, తిరుపతిలో దొరుకుతుందా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా? మెషీన్ దాత ఇస్తాడు. ఏడాది తర్వాత ఫిల్టర్ ఎవరిస్తారు? ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కొనే రోజే హెచ్చెంతో, పేరెంట్స్ కమిటీతో మాట్లాడి రాసుకోండి. కరెంటు ఖర్చుకు భయపడక్కర్లేదు. 50 వాట్ల మెషీన్లు రెండు రోజుకు ఏడు గంటలు తిరిగితే 0.7 యూనిట్. నెలకు ఇరవై యూనిట్ల లోపే.

బాక్స్ ఫ్యాన్‌కు నాలుగు వైపులా ఫిల్టర్లు అతికించి చేసే డబ్బా గురించి మీరు వినే ఉంటారు. 2020లో అమెరికాలో రిచర్డ్ కోర్సీ అనే ఇంజనీరు, జిమ్ రోసెంథాల్ అనే ఫిల్టర్ల కంపెనీ అధిపతి మొదలుపెట్టింది. పనిచేస్తుంది, చవక కూడా. కానీ అందులో వాడే చదరపు బాక్స్ ఫ్యాన్ మన దగ్గర పెద్దగా వాడుకలో లేదు. దొరికిన టేబుల్ ఫ్యాన్‌కు అట్టలు అతికిస్తే మోటారు వేడెక్కుతుంది. సైన్స్ ఫెయిర్‌కు చేయించండి, పిల్లల మధ్య రోజంతా నడపకండి.

చప్పుడు పరీక్ష

మెషీన్లు మూలన పడేది ఇక్కడే. బడి గదిలో పాఠం జరుగుతున్నప్పుడు మిగతా చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో 1999లోనే చెప్పింది. బస్టాండుకు పోయే దారిలో ఉన్న బడికి ఆ మాట చెప్తే నవ్వొస్తుంది, అది వేరే సంగతి. ప్యూరిఫయర్ ఫుల్ స్పీడులో 50 నుంచి 60 దాకా చప్పుడు చేస్తుంది. మామూలుగా మాట్లాడుకునే గొంతు 60. అంటే టీచరూ మెషీనూ పోటీ పడాలి. ఇద్దరిలో మెషీన్‌కే స్విచ్ ఉంది కాబట్టి నోరు మూయించేది దాన్నే.

మేం కనిపెట్టిన ఉపాయం చెప్తా. డిక్టేషన్ పెట్టండి. మామూలు గొంతుతో పది మాటలు మెషీన్ ఆపి, పది మొదటి స్పీడులో, పది రెండులో, పది మూడులో. చివరి బెంచీ వాళ్ల పేపర్లు మాత్రమే దిద్దండి. మా క్లాసులో రెండో స్పీడు దాకా తేడా లేదు. మూడులో ‘కథ’ అంటే ‘కద’ అని రాశారు, ‘పాఠం’ ‘పాట’ అయింది, ఒకడైతే ‘గాలి’కి ‘జాలి’ అని రాశాడు. వాడి జాలి నా మీదో మెషీన్ మీదో తెలీదు. మొత్తానికి మా గది స్పీడు రెండు అని అప్పుడే తేలిపోయింది.

ఇప్పుడు సీఏడీఆర్ లెక్క మళ్లీ తీయాలి. డబ్బా మీది అంకె ఫుల్ స్పీడుది. మధ్య స్పీడులో దాదాపు సగమే అనుకుని లెక్కేయండి. మా రెండు మెషీన్లూ కలిపి 800 అంటే పాఠం నడిచేటప్పుడు 400, గంటకు రెండున్నరసార్ల పైన. మిగతాది వరండా గాలి. అయిదు అని గొప్పగా చెప్పుకోలేం, కానీ రోజంతా తిరిగే రెండున్నర, ఆపేసిన అయిదు కంటే నయం. డబ్బుంటే మూడోది కొనండి, అన్నీ నెమ్మదిగా నడపండి.

ఆటో మోడ్ పెట్టకండి. అందులోని సెన్సర్ మెషీన్ ఒంటికే ఉంటుంది. తన పక్క గాలి బాగుందని స్పీడు తగ్గించేసుకుంటుంది, చివరి బెంచీలో ఏముందో దానికి తెలీదు.

ఎక్కడ పెట్టాలి

గోడకు ఆనించొద్దు, ఒకటిన్నర అడుగు ఎడం ఉంచండి. బీరువా పక్కన, టేబుల్ కింద, కర్టెన్ వెనక వద్దు. రెండుంటే ఎదురెదురు మూలల వైపు, ఒకటి ముందు, ఒకటి వెనక. నేల మీద కాకుండా జానెడు ఎత్తు పీట మీద పెడితే తడిబట్ట నీళ్లు తగలవు. బయటికొచ్చే గాలి ఒక పిల్లాడి మొహం మీదుగా మిగతా వరసల మీదకు పోయేలా తిప్పకండి, పైకి వదిలేదైతే గొడవే లేదు. సీలింగ్ ఫ్యాన్లు తిరగనివ్వండి, గాలి బాగా కలుస్తుంది. వైరు పిల్లల కాళ్ల మధ్య నుంచి పోకూడదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అక్కడే గోడకు సాకెట్ పెట్టించండి. జంక్షన్ బాక్సులు వేలాడదీస్తే ఏదో ఒకరోజు ఎవడో ఒకడు తట్టుకుని పడతాడు.

నిజంగా పనిచేస్తోందా? ఒక శనివారం సాయంత్రం చూడండి

చిన్న పీఎం 2.5 మీటర్ ఒకటి అరువుకైనా తెచ్చుకోండి. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న నలుసులు. ఊపిరితిత్తుల లోతుకు పోయేవి. 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం, 15 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

పిల్లలంతా వెళ్లాక కిటికీలు, తలుపు మూసి, ఫ్యాన్ సన్నగా పెట్టి, మీటరును మధ్య బెంచీ మీద ఉంచండి. రెండు మూడు అగరబత్తులు వెలిగించండి. అంకె 200 దాటాక బత్తులు ఆర్పి బయట పడేయండి. గదిలో పొగ బాగా కలవడానికి అయిదు నిమిషాలు ఆగండి. అప్పుడున్న అంకె రాసుకుని మెషీన్ ఆన్ చేయండి. అందులో సగానికి పడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. 42ని ఆ నిమిషాలతో భాగిస్తే గంటకు ఎన్నిసార్లు గాలి శుభ్రమవుతోందో వస్తుంది. ఎనిమిది నిమిషాల్లో సగమైతే అయిదుసార్లు. ఇరవై అయిదు నిమిషాలు పడితే ఒకటిన్నర పైచిలుకు, మా మొదటి మెషీన్‌లాగా. మెషీన్ లేకుండా కూడా ఒకసారి ఇదే చేసి, ఆ అంకెను తీసేయండి. తలుపు సందుల్లోంచి పొగ పోయిన లెక్క అది.

ఇది తొమ్మిది, పది తరగతుల పిల్లలతో చేయిస్తే గ్రాఫు పేపరు పాఠం అయిపోతుంది, వాళ్లను పొగలో నిలబెట్టకుండా కిటికీ అద్దంలోంచి మీటరు చూడమనండి. ధనుర్మాసం పొగమంచు పొద్దుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఈ చిన్న మీటర్లు గాలిలో తేమను కూడా దుమ్మని లెక్కేసి ఎక్కువ చూపిస్తాయి.

రోజూ, వారం వారం

బడి తెరిచే మనిషి చేతే మెషీన్ ఆన్ చేయించండి. ఫస్ట్ బెల్లుకు అరగంట ముందు, ఫుల్ స్పీడులో. ప్రేయర్ అయి పిల్లలు లోపలికొచ్చేసరికి రెండుకు తగ్గించాలి. ఇంటర్వెల్‌లోనూ భోజనాల గంటలోనూ ఫుల్. స్విచ్ బాధ్యత లీడరుకు ఇవ్వకండి, లీడరు రాని రోజు ఎవరూ వేయరు. బెంచీ వరసల ప్రకారం వారానికి ఒక వరసకు ఇవ్వండి.

ప్రీ ఫిల్టర్ అని పైన ఒక జాలీ ఉంటుంది. మేం మొదటిసారి మూడు వారాల తర్వాత తీస్తే జాలీ కనపడలేదు. బూడిదరంగు దుప్పటి ముక్క ఒకటి పరిచినట్టుంది. తల వెంట్రుకలు, చాక్‌పీస్ పొడి, స్వెటర్ దారాలు, ఒక మల్లెపువ్వు రేకు. ముందు బెంచీ అమ్మాయి దాన్ని వేలితో ఒలిచి, ‘సా, ఇదంతా మేము పీల్చేదా?’ అంది. కొంత, అన్నాను. తర్వాత రెండు రోజులు డస్టర్ గోడకేసి బాదినవాళ్లు లేరు.

ఈ జాలీని శనివారం సాయంత్రం నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఆదివారం ఎలాగూ ఉంది, సోమవారానికి ఎముకలా ఆరుతుంది. తడిగా పెడితే ముక్కిన వాసన. లోపలి హెపా ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు, దులపకూడదు, డస్టర్‌లా కొట్టకూడదు. అది మడతలు పెట్టిన కాగితం లాంటిది. మా అటెండర్ పాపం మంచి మనసుతో కుళాయి కింద పెట్టి రుద్ది, మేడ మీద ఎండబెట్టాడు. అప్పడంలా వచ్చింది. కొత్తది కొనాల్సి వచ్చింది.

హెపా ఎప్పుడు మార్చాలన్నదానికి కంపెనీలు ఆరు నెలల నుంచి ఏడాది దాకా చెప్తాయి. రోడ్డు పక్క గది అయితే ముందే నిండుతుంది. మెషీన్‌లోని ఎర్ర లైటు చాలావాటిలో తిరిగిన గంటల్ని బట్టి వెలుగుతుంది, మురికిని బట్టి కాదు. అగరబత్తి పరీక్ష మూడు నెలలకోసారి అదే స్పీడులో చేయండి. సగానికి పడే సమయం మొదటిసారి కంటే ఒకటిన్నర రెట్లు అయిందంటే ఫిల్టర్ మార్చండి. మార్చేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకుని, పాతదాన్ని దులపకుండా అలాగే పెద్ద కవర్లో పెట్టి మూతి కట్టి చెత్త బండికి ఇవ్వండి. కొత్తదాని అంచున మార్కర్‌తో తేదీ రాయండి. పెట్టి మూత బిగించే ముందు, దానికి చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవర్ మీ చేతిలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.